బిర్రుగా ఉన్నచోట ఆగమ్మా

అమలాపురం,
శ్రావణ మాసం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, తక్కిన మూడుసార్లు పెన్సిలు పట్టుకుని. కోనసీమలో పుట్టిన పిల్ల అమెరికాలో చదువుకుంటూ, సెలవు రోజుల్లో బీడు పొలాల్లో రాకెట్లు ఎగరేసి, ఆ పనిని తెలుగులో రాయడానికి కూర్చుంది. అది నాకెంత నచ్చిందో చెప్పలేను. అందుకే మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

మొదటి పేజీ బాగుంది. రాకెట్టుని పైకి నెట్టే మోటారు, అదీ మళ్ళీ మళ్ళీ ఇంధనం నింపుకునే రకం, ఎలా ఉంటుందో కళ్ళకు కట్టావు. అల్యూమినియం గొట్టం, రెండు కొసలా ఉండే మర మూతలు ఎప్పటికీ మనవే. మంట గొట్టానికి తగలకుండా కాపాడే లోపలి లైనరు, ఇంధనం, మంట బయటికి దూసుకొచ్చే నాజిలు, సందులు మూసే రబ్బరు కడియాలైన ఓ రింగులు కాల్చిన ప్రతిసారీ కొత్తవి. హెచ్ తరగతి మోటారు మొత్తం తోపు, అంటే బలాన్ని అది పనిచేసే సెకన్లతో హెచ్చవేస్తే వచ్చేది, 160 నుంచి 320 న్యూటన్ సెకన్లని, దాన్ని ముట్టుకోవాలంటే అక్కడి రాకెట్ల సంఘం నుంచి మొదటి మెట్టు అర్హత తెచ్చుకోవాలని చెప్పిన తీరూ తేటగా ఉంది.

చిక్కంతా మూడో పేజీలో. "లైనరు గొట్టంలోకి దూరకపోతే కొంచెం బలం ఉపయోగించాలి, లేదా గొట్టాన్ని ఎండలో పెడితే వ్యాకోచిస్తుంది" అని రాశావు. ఎండ సంగతి లెక్క వేసి చూశావా? 38 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం పది డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం మిల్లీమీటరులో నూరో వంతు కూడా పెరగదు. వెంట్రుక మందం అంతకన్నా ఎన్నో రెట్లు. పైగా ఇంధనం ఎక్కించిన గొట్టాన్ని ఎవరైనా నీ మాట నమ్మి ఎండలో పెడితే? ఆ వాక్యం కొట్టేశాను.

"కొంచెం బలం" అన్న మాట దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. ముప్పై ఏళ్ళ కిందట నేనూ అదే రాశాను. అప్పట్లో ఒక వ్యవసాయ పత్రికకి ఆయిలింజన్ల గురించి రాసేవాణ్ణి. సిలిండరు లైనరు మార్చడం వివరిస్తూ "బిర్రుగా ఉంటే చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టి దించాలి" అన్నాను. లైనరు కూర్చునే చోట తుప్పు గీకాలని, అడుగు రబ్బరు రింగులకి సబ్బునీళ్ళు రాయాలని, అడ్డుపడితే బయటికి తీసి చూడాలని రాయలేదు. నాకు తెలిసిందే కదా, చదివేవాళ్ళకీ తెలుసనుకున్నాను. ముమ్మిడివరం అవతలి నుంచి ఒక రైతు కార్డు రాశాడు. "మీరు చెప్పినట్టే దించామండి. మూడో రోజుకి ఇంజనాయిలు మజ్జిగలా తెల్లబడిపోయిందండి." వెళ్ళి చూస్తే రింగు అంచు తెగి, నీళ్ళు ఆయిల్లోకి దిగిపోయాయి. సార్వా చేలు మునిగి, నీళ్ళు తోడాల్సిన రోజులవి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఇంజన్లో రింగు తెగితే ఆయిలు పాడవుతుంది. నీ మోటార్లో రింగు తెగితే నిప్పు బయటికొస్తుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌకలో ఏడుగురు పోయింది ఓ రింగు చలికి బిగుసుకుని, తన చోటు మూయలేకపోవడం వల్లే. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ విచారణలో ఆ రకం రబ్బరు ముక్కని ఐసునీళ్ళలో ముంచి అందరికీ చూపించాడు. ఈ సంగతి నువ్వు ఆఖరి పేజీలో, అలంకారంగా పెట్టావు. దాన్ని మూత తిప్పే పేరాకి ముందు పెట్టు. రింగుకి పల్చగా గ్రీజు ఎందుకు రాయాలో, మూత చేత్తోనే ఎందుకు బిగించాలో చదివేవాళ్ళకి అప్పుడు దానంతటదే తెలుస్తుంది.

ఇక అసలు పని. బిర్రు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోకుండా పరిష్కారం రాయకు. ఇంధనం పక్కన పెట్టి, ఖాళీ గొట్టానికి మూత తిప్పి చూడమని చెప్పు. అక్కడే పట్టేస్తే మరల్లో పోయినసారి మసి ఉన్నట్టు. తడిగుడ్డ, పాత పళ్ళ బ్రష్షు చాలు. మూత సాఫీగా తిరిగితే లైనరు ఒక్కదాన్నీ దూర్చి చూడాలి. అదీ దిగిందంటే బిర్రు లైనరుకీ ఇంధనానికీ మధ్య ఉంది. కోసిన లైనరు లోపలి అంచున చిన్న నూగు మిగిలిపోతుంది, వేలిగోటితో తీస్తే పోతుంది. గొట్టమే ఎక్కడైనా ఉబ్బినట్టు కనిపిస్తే దాని పని అయిపోయిందని ఒక్క ముక్కలో రాసెయ్యి.

లైనరే దిగలేదనుకో. నువ్వు వెంటనే ఉప్పుకాగితం అందుకోమన్నావు. మా పెరటి తలుపు నీకు గుర్తుండే ఉంటుంది. ఒక శ్రావణంలో చెమ్మకి ఉబ్బి, చట్రంలో బిగుసుకుపోయింది. వడ్రంగి తాత "ఇప్పుడొద్దండి, ఆరనివ్వండి" అన్నాడు. నేను ఆగలేక ఇంకొకర్ని పిలిచి చిత్రిక పట్టించాను. వైశాఖం వచ్చేసరికి ఆ తలుపు సందులోంచి బల్లి దూరేది. నీ లైనరు కాగితం చుట్టలు చుట్టి చేసిందైతే అదీ చెమ్మ పీలుస్తుంది. మన ఊళ్ళో అప్పడం సంచి మూతి కట్టకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? కాబట్టి లైనరు మాత్రం, ఇంధనం లేకుండా, చెమ్మ పీల్చే సిలికా పొట్లాలతో మూసిన డబ్బాలో కొన్నాళ్ళు ఉంచమని ముందు రాయి. ఆరాక కూడా దిగకపోతే, తయారీదారు ఇచ్చిన కాగితంలో ఒప్పుకున్నంత మేరకే, సన్నని ఉప్పుకాగితంతో బయటివైపు ఒక్కో చుట్టు రుద్ది, మళ్ళీ దూర్చి చూడాలి. ఎందుకంత జాగ్రత్తో కూడా చెప్పు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, లోపలి మంట రెండు వేలు దాటుతుంది. ఆ గొట్టానికీ మంటకీ మధ్య ఉన్నది ఆ లైనరే.

ఇంధనం లైనర్లో పట్టేస్తే సుత్తి మాట కాదు, గట్టిగా నెట్టే మాటే వద్దు. ఇంధనంలో బీట పడితే మండే వైశాల్యం పెరుగుతుంది. దానితో లోపలి ఒత్తిడి ఎగబాకి గొట్టం పగులుతుంది. ఇంధనం చుట్టూ ఉన్న కాగితం అది బయటివైపు నుంచి అంటుకోకుండా కాపాడేది. "దానిలో ఒక పొర ఊడదీస్తే సరి" అని అంత తేలిగ్గా అనేశావు. పొర అంటే ఆత్రేయపురం పూతరేకు కాదు కదా, ఎంతవరకు వస్తుందో చేతికి తెలియదు. తయారీదారు చెప్పి ఉంటే చెప్పారని రాయి. లేకపోతే ఆ ఇంధనం వాడకుండా వెనక్కి పంపమని రాయి.

మాటల దగ్గరికొస్తే, ఇంగ్లీషులో "గ్రెయిన్" అనే ఇంధనపు ముక్కని "ధాన్యపు గింజ" అన్నావు. మన గోదారి జిల్లాల్లో గింజంటే వడ్లే. నడుమ బెజ్జం ఉన్న ఇంధనపు దిమ్మ అను. ఓ రింగుకి "బంధన వలయం" ఎందుకు? ఇక్కడ ఏ షెడ్డుకెళ్ళి అడిగినా ఓ రింగు అంటేనే చేతికిస్తారు. బిర్రు, వదులు, నూగు, మర, బెజ్జం, ఇవి మన మేస్త్రీల నోళ్ళలో అరిగి నున్నబడ్డ మాటలు. నిఘంటువు తెరిచేముందు వర్క్‌షాపుకెళ్ళి ఒక గంట కూర్చో.

ఇంకొక్కటి, ఇది మొదటి పేజీలోనే ఉండాలి. దీపావళికి తారాజువ్వలు ఇంట్లో కూరుకునే ఊళ్ళు మనవి. ఆ పనిలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. నీ వ్యాసం చదివి ఏ కుర్రాడైనా ఇంధనం తనే కలుపుకోవచ్చనుకుంటే? ఆ దిమ్మ ఫ్యాక్టరీలో తయారై వచ్చిందని, మన దేశంలో ఇలాంటివి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికొస్తాయని, లైసెన్సు లేకుండా తయారుచేయడమూ దాచుకోవడమూ నేరమని సూటిగా రాయి. భయపెట్టినట్టు ఉంటుందని సందేహించకు.

నెలాఖరుకి తిరగరాసి పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు కాలిపోయిన పాత లైనరు ముక్క ఒకటి కాగితంలో చుట్టి తీసుకురా. లోపలివైపు ఎంత మందం కాలిందో, ఎంత మిగిలిందో నా కళ్ళతో చూడాలని ఉంది.

ఇట్లు,
మీ మాస్టారు