కమ్యూనిటీ రేడియోలో అన్నమయ్య కీర్తనలు ఊరికే వేసుకోవచ్చా?

తిరుపతిలో మీ కాలేజీ తరఫున కమ్యూనిటీ రేడియో పెడుతున్నామన్నారు, కీర్తనలు ఐదొందల ఏళ్ల నాటివి కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా అని అడిగారు. మేమూ అచ్చం అలాగే అనుకున్నాం. పొద్దున ఆరింటికి స్టేషన్ ఆన్ చేయగానే ఇంటి నుంచి తెచ్చిన సీడీ పెట్టేసేవాళ్లం. కొన్ని నెలలకి ఒక ఆడియో కంపెనీ నుంచి లాయర్ నోటీసు వచ్చింది. మా ప్రిన్సిపల్ సార్ అది చదివి "దేవుడి పాటకి కూడా డబ్బులా స్వామీ" అని తల పట్టుకున్నారు.

విషయం ఏమిటంటే, ఒక్క కీర్తన మీద మూడు హక్కులుంటాయి. సాహిత్యం అన్నమయ్యది, ఆయన 1503లో పోయారు, అది అందరిదీ. వరస సంగతే వేరు. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ ఎలా పాడాలో స్వరం లేదు. అందుకే ఇప్పుడు మనం వినేవాటిలో చాలావాటికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు బాణీలు కట్టారు. బాణీ కట్టినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. రాళ్లపల్లి వారు పోయింది 1979లో, అంటే 2039 దాకా అన్నమాట. మూడోది రికార్డింగ్, దానికి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. గుడిలో పూజప్పుడు పాడుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, రేడియో ప్రోగ్రాం పూజ కాదు. ముప్పై సెకన్లు వేస్తే పర్లేదనేది ఒట్టి పుకారు.

దారి లేకపోలేదు. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31డి సెక్షన్ కింద హక్కుదారుకి ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి వేసుకోవచ్చు, రాసినవాళ్ల పేరూ పాడినవాళ్ల పేరూ చెప్పాలి, లెక్కలు రాసి పెట్టుకోవాలి. యాప్‌లో కూడా వినిపిద్దాం అనుకుంటే మాత్రం ఆగండి, ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కి ఈ సెక్షన్ వర్తించదని బాంబే హైకోర్టు 2019లో తేల్చింది.

మాకు ఆ డబ్బు కూడా బరువే. అందుకని మా మ్యూజిక్ మేడమ్‌తో పది కీర్తనలకి కొత్త వరసలు కట్టించి, పిల్లలతో పాడించాం. గంగమ్మ జాతర పాటలైతే పాతపేట అవ్వల దగ్గరికెళ్లి ఫోన్లోనే రికార్డు చేసుకొచ్చాం, నిజం చెప్పాలంటే సీడీల కన్నా వాటికే ఫోన్లు ఎక్కువొచ్చాయి. ఎలాగూ సగం ప్రోగ్రాములు స్థానికంగా తయారైనవే ఉండాలని రూల్ కదా, అదీ తీరిపోయింది.

ఒక్కటి మర్చిపోకండి. వరస కట్టినవాళ్ల దగ్గరా పాడినవాళ్ల దగ్గరా కాగితం మీద సంతకం తీసుకోండి, ఇంటర్ పిల్లలైతే వాళ్ల అమ్మానాన్నలది కూడా.