శాఖా గ్రంథాలయంలో నెట్ ఉన్నా పరిశోధన వ్యాసాలు ఎందుకు తెరుచుకోవు?

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో కంప్యూటరూ నెట్టూ ఉన్నా పరిశోధన పత్రికల్లోని వ్యాసాలు తెరుచుకోవడం లేదని, లోపం ఎక్కడుందని అడిగారు. భీమవరం ప్రాంతంలో రొయ్యల చెరువుల చుట్టూ భూగర్భ జలాలు ఉప్పబారడం గురించి చదవబోయి నేనూ అక్కడే ఆగిపోయాను. అసలు అడ్డంకి యంత్రాలది కాదు, అనుమతిది.

ప్రచురణకర్తలు చందా హక్కును ఎక్కువగా పాఠకుడికి కాక సంస్థకు ఇస్తారు. ఆ సంస్థ నెట్‌వర్కులో ఉన్నవారికి, లేదా అది ఇచ్చిన లాగిన్ ఉన్నవారికి మాత్రమే వ్యాసం పూర్తిగా కనిపిస్తుంది. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను అందిస్తున్నప్పటికీ, అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ ఉద్దేశించినది. నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకులకు వేరే పథకం కింద లాగిన్ ఉండేది. ఉద్యోగం వదిలాక అదీ పోయింది. చెరువు పక్కన వరి వేసే రైతుకు, ఆ రైతు బిడ్డకు ఈ పరిశోధన అందరికన్నా ఎక్కువ అవసరం. వారికే అది అందకపోవడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

తెలుగు పుస్తకాల ఇబ్బంది వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అయితే చాలావాటి పేర్లను ఇంగ్లీషు లిపిలో ఒక్కొక్కరు ఒక్కో తీరున ఎక్కించినందువల్ల, తెలుగులో వెతికితే పుస్తకం లేదనిపిస్తుంది. పైగా చాలా పుస్తకాల్లో పుటలు బొమ్మలుగానే ఉన్నందున లోపలి మాటలను వెతకలేము. చూపులేని పాఠకుల కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అవి అందవు.

ప్రస్తుతానికి శోధ్‌గంగలో చూడండి; విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను అక్కడ లాగిన్ లేకుండా చదవవచ్చు. వ్యాసకర్త ఈమెయిలు చాలాసార్లు సారాంశం పుటలోనే ఉంటుంది, మర్యాదగా అడిగితే ప్రతి పంపేవారున్నారు. దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే వీలుందేమో కూడా కనుక్కోండి.

వీటితోపాటు జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం కనుక, శాఖలకూ ఈ పత్రికలు అందేలా ప్రభుత్వానికి రాయమని కోరడం మన హక్కు. తెరుచుకోని వ్యాసాల పేర్లు, అవి మీకు ఎందుకు అవసరమో ఆ అర్జీలో స్పష్టంగా రాయండి.