సమాధానం: ఎస్‌హెచ్‌బీజీ తక్కువ ఉంటే షుగర్ వచ్చినట్టేనా?

పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) టెస్టుల్లో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తక్కువ వచ్చింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) మాత్రం 5.5, ఇక షుగర్ ఖాయమేనా అని అడిగారు. కాదండీ. 5.7 లోపు నార్మలే, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ఎస్‌హెచ్‌బీజీ లివర్‌లో తయారై, టెస్టోస్టిరాన్ లాంటి సెక్స్ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచుతుంది. లివర్‌కు కొవ్వు పట్టినా, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనా దీని తయారీ తగ్గుతుంది. అప్పుడు విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. మీరు రాసిన గడ్డం వెంట్రుకలు, మొటిమలు బహుశా అందుకే.

అలాగని కొట్టిపారేయకండి. మెనోపాజ్ దాటిన అమెరికా మహిళలపై 2009లో వచ్చిన అధ్యయనంలో, ఇది తక్కువగా ఉన్నవాళ్లకు టైప్ 2 డయాబెటిస్ ముప్పు బాగా ఎక్కువని తేలింది. ఈ ప్రోటీన్ జన్యువులోని తేడాలకూ ఆ ముప్పుతో సంబంధం కనిపించింది. మీ వయసు వేరు, కాబట్టి ఆ లెక్కలు మీకు అచ్చంగా వర్తించవు.

పీసీఓఎస్‌లో హెచ్‌బీఏ1సీ ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే టెస్టు గురించి డాక్టర్‌ను అడగండి. అన్నట్టు, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఎస్‌హెచ్‌బీజీ పెరిగి కనిపిస్తుంది, థైరాయిడ్ ఎక్కువైనా అంతే. ఆ సంగతి కూడా చెప్పండి. దీన్ని పెంచుతామనే పొడులు మాత్రం కొనకండి. బరువు, ముఖ్యంగా పొట్ట తగ్గితే అదే పెరుగుతుంది.