కరపత్రంలో డాక్టర్ల ఫొటోలు చూసి మత్తు విముక్తి కేంద్రానికి డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న: మా ఆయన పదేళ్లుగా తాగుతున్నారు. ఈమధ్య పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణుకుతున్నాయి. మా ఊరి ఆర్‌ఎంపీ అనంతపురం దగ్గర ఉన్న ఒక ప్రైవేటు మత్తు విముక్తి కేంద్రం కరపత్రం ఇచ్చాడు. ఆవిరి గదిలో కూర్చోబెట్టి, విటమిన్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి, మందులు లేకుండా 28 రోజుల్లో మాన్పిస్తారట. ఐదుగురు నిపుణులు ఆ పద్ధతిని మెచ్చుకున్నట్టు ఫొటోలతో సహా వేశారు. లక్షా ఇరవై వేలు ముందే కట్టాలి. ఆయన రానంటే రాత్రిపూట మనుషులొచ్చి తీసుకెళ్తారట. ఆ నిపుణులు నిజమైన వాళ్లో కాదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: అమ్మా, ముందు డబ్బు కట్టడం ఆపండి. ఇంకో మాట, ఆయన్ని ఉన్నపళంగా తాగుడు మాన్పించకండి. పొద్దున్నే చేతులు వణికే స్థితికి వచ్చిన మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. దీనికి మందులున్నాయి. వాటిని డాక్టర్ దగ్గరుండి ఇవ్వాలి. అందుకే ‘మందులు లేకుండా’ అన్న మాట మీ ఆయన విషయంలో గొప్ప కాదు, ప్రమాదం.

ఇక నిపుణుల సంగతి. ఒక్కో పేరు పక్కన ఏం రాశారో చూడండి. ఎంబీబీఎస్ ఉంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ తెరిచి వెతకండి. పేరుతో కంటే రిజిస్ట్రేషన్ నంబరు, రాష్ట్ర కౌన్సిల్ రెండూ ఇచ్చి వెతకడం మేలు, ఎందుకంటే ఒకే పేరున్న డాక్టర్లు బోలెడుమంది ఉంటారు. నంబరు కొడితే వచ్చిన పేరు, చదివిన యూనివర్సిటీ, రిజిస్టరైన సంవత్సరం కరపత్రంతో సరిపోవాలి. అరవై ఏళ్లు దాటినట్టున్న ఫొటో కింద 2016లో రిజిస్టరైన నంబరు ఉంటే నిలదీయాల్సిందే. మన జిల్లాకు బళ్లారి, బెంగళూరు డాక్టర్లు వస్తుంటారు కాబట్టి కర్ణాటక కౌన్సిల్‌లోనూ, రాష్ట్ర విభజనకు ముందు చదివిన వాళ్లయితే తెలంగాణ కౌన్సిల్‌లోనూ చూడండి. ఎక్కడా కనబడనంత మాత్రాన దొంగ అనేయకండి, ఆన్‌లైన్‌లో ఎక్కించడం ఆలస్యమవుతుంటుంది. విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు నంబరు రాసి అడగండి.

కరపత్రంలో నంబరే లేదంటారా? 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం డాక్టర్ తన చీటీ మీద, రసీదు మీద, క్లినిక్‌లో రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. కేంద్రాన్నే అడగండి. దాటవేస్తే అదే జవాబనుకోండి.

‘సైకియాట్రిస్ట్’ అని రాసుంటే ఎంబీబీఎస్ ఒక్కటే సరిపోదు. ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటిది రిజిస్టర్‌లో అదనపు అర్హతగా ఎక్కి ఉండాలి. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి. ఎమ్మే సైకాలజీ చదివిన వాళ్లందరూ ఆ పేరు పెట్టుకోవడానికి లేదు. ‘అడిక్షన్ ఎక్స్‌పర్ట్’, ‘లైఫ్ కోచ్’ లాంటివి ఏ చట్టమూ ఇచ్చిన హోదాలు కావు. ఉత్త ‘డాక్టర్’ అని ఉంటే దేనిలో డాక్టరేటో, ఏ యూనివర్సిటీ ఇచ్చిందో అడగండి. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా విడుదల చేస్తుంటుంది, అందులో చూసుకోండి. గౌరవ డాక్టరేట్ వైద్యం చేసే అర్హత కాదు.

డాక్టర్ నిజమైన వాడే అని తేలినా పని సగమే అయింది. ఆయన ఆ మాట అన్నాడా? కరపత్రంలోని ఫోన్ నంబరుకు చేయకండి. ఆయన పనిచేసే ఆసుపత్రి నంబరు విడిగా వెతికి, ఫోన్ చేసి, కరపత్రం ఫొటో పంపి మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: మీ పేరు వాడుకోవడానికి ఒప్పుకున్నారా, ఈ కేంద్రంలో మీకు జీతమో వాటానో ట్రస్టీ పదవో ఉందా, చేరిన మనిషిని మీరు స్వయంగా చూస్తారా. ఎముకల డాక్టర్ ఎంత పేరున్న వాడైనా తాగుడు చికిత్స మీద ఆయన మెచ్చుకోలుకు బరువు లేదు. పైగా మందులు, చికిత్స పరికరాలు, ఏ అమ్మకపు సరుకైనా సరే, వాటి ప్రకటనకు డాక్టర్ తన పేరు, ఫొటో, సంతకంతో సిఫారసు ఇవ్వకూడదని ఆ నియమావళే చెబుతోంది. ఇచ్చాడని తేలితే మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆవిరి గది, విటమిన్ల పద్ధతి కొత్తదేం కాదు. 1966లో అమెరికాలోని అరిజోనా జైల్లో మొదలైన నార్కోనాన్ అనే సంస్థ, సైంటాలజీ అనే మత ఉద్యమం స్థాపకుడు రాన్ హబ్బర్డ్ రాతలను ఆధారం చేసుకుని, ఇలాంటి పద్ధతినే ప్రచారం చేసింది. ఆ సంస్థ బడిపిల్లలకు చెబుతున్న మత్తు నివారణ పాఠాలను 2005లో కాలిఫోర్నియా విద్యాశాఖ బయటి నిపుణులతో పరిశీలింపజేసి, శాస్త్రీయంగా తప్పులున్నాయని తేలాక, వాటిని మానేయమని బడులకు సూచించింది. ఆ పద్ధతిలో వాడే నియాసిన్ (బి3 విటమిన్) పెద్దవాళ్లకు రోజుకు 16 మిల్లీగ్రాముల దాకా చాలు. గ్రాముల లెక్కన ఇస్తే కాలేయం దెబ్బతినవచ్చు, తాగేవాళ్ల కాలేయం అప్పటికే బలహీనంగా ఉంటుంది. మీ కరపత్రంలోని కేంద్రానికి ఆ సంస్థతో సంబంధం ఉందని నేననడం లేదు. మోతాదు ఎంత, రోజుకు ఎన్ని గంటలు ఆవిరిలో ఉంచుతారు, కాలేయ పరీక్ష ముందే చేస్తారా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

నా మటుకు, ఐదు ఫొటోల కంటే ఒక్క కాగితం ముఖ్యం: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే స్థితులూ వస్తాయి. కాబట్టి అలాంటి రోగులను చేర్చుకుని ఉంచే కేంద్రం 65వ సెక్షన్ కింద నమోదు కావాలి. సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రస్టు డీడు, ఐఎస్‌ఓ సర్టిఫికెట్ దీనికి బదులు కావు. తాత్కాలిక ధ్రువపత్రం చూపిస్తే తేదీ చూడండి, దాని గడువు 12 నెలలే. అనుమానమొస్తే అనంతపురం జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) కార్యాలయంలో పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఆ మాట దరఖాస్తు పైభాగంలోనే, ఎందుకో కారణంతో సహా రాయండి.

రాత్రిపూట మనుషులను పంపడానికి మాత్రం ఒప్పుకోకండి. రానన్న మనిషిని చేర్చాలంటే ఆ మానసిక ఆరోగ్య చట్టంలోనే 89వ సెక్షన్ దారి ఉంది. ఆయన నామినేటెడ్ ప్రతినిధి, అంటే చికిత్స విషయంలో ఆయన తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు చేయాలి. ఒక సైకియాట్రిస్టు, మరో వైద్య నిపుణుడు అదే రోజో, అంతకు ముందు ఏడు రోజుల్లోనో విడివిడిగా పరీక్షించి, తనకో ఇతరులకో ప్రమాదం లాంటి కారణాలు ఉన్నాయని తేల్చాలి. అప్పుడు కూడా మొదట 30 రోజుల వరకే. గొలుసుతో కట్టేయడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. ఇవేవీ లేకుండా బంధిస్తే అక్రమ నిర్బంధం కేసు అవుతుంది, పంపమన్న మీరూ అందులో ఇరుక్కోవచ్చు.

ఈలోగా ఆయన్ని అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వణుకు సంగతి, చివరిసారి ఎప్పుడు తాగారో, మునుపు ఫిట్స్ వచ్చాయో లేదో తప్పక చెప్పండి. మత్తు విముక్తి గురించి 14446కు, మానసిక సాయానికి 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు.

ఒకవేళ అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చి ఉంటే కరపత్రం అసలు ప్రతి, రసీదు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ సంభాషణ అన్నీ దాచండి. ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు చెరపకండి. కోర్టులో ఫోన్‌లోని ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది. డబ్బు వాపసు కోరుతూ ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ తర్వాత అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లేని డాక్టర్ పేరు వేసి డబ్బు తీసుకున్నారని తేలితే, పోలీస్ స్టేషన్‌లో భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం ఫిర్యాదు కూడా ఇవ్వండి. వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్లు.