హెచ్1బి మీద ఉన్న మా అబ్బాయి అమెరికాలో తుపాకీ కొనుక్కోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయి హెచ్1బి మీద టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. కోడలిది హెచ్4, వాడి భార్యగా వచ్చిన వీసా. మూడేళ్ల మనవరాలు ఉంది. 2023లో అలెన్‌లోని మాల్‌లో కాల్పులు జరిగి మన హైదరాబాద్ అమ్మాయి కూడా చనిపోయింది కదా, వీళ్లు బట్టలకీ బొమ్మలకీ వెళ్లే మాల్ అదే. అప్పటినుంచి వాడికి భయం పట్టుకుంది. ఎక్కడ కాల్పుల వార్త వచ్చినా ‘తుపాకీ కొంటాను నాన్నా’ అంటాడు. తన పేరు మీద కుదరకపోతే గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడు కొనిపెడతానన్నాడట. వేట లైసెన్సు తీసుకుంటే చాలని ఇంకొకరు చెప్పారట. కోడలేమో తుపాకులే వద్దని ఊరేగింపులకు వెళ్తానంటోంది, చందా కూడా ఇస్తానంటోంది. వీటిలో ఏది చట్టం ఒప్పుకుంటుంది? ఇంతమంది చస్తున్నా ఆ దేశం చట్టం ఎందుకు మార్చుకోదు? వచ్చే వేసవికి నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్తున్నాం.
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి, మీరిద్దరూ పూర్తిగా మాట్లాడుకునేవరకు తుపాకీ జోలికి వెళ్లొద్దని చెప్పండి. కొనడమే కాదు, పట్టుకోవడం కూడా వద్దు. మిగతాది తర్వాత చదవండి.

ఆయన భయం అర్థం కానిది కాదు. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం, అలెన్ మాల్‌లో జనం కిటకిటలాడే వేళ ఒకడు రైఫిల్‌తో దిగి 8 మందిని చంపాడు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరును బార్లో కాల్చి చంపినప్పుడూ ఇదే భయం చూశాను. పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంటినుంచీ ఆ రాత్రి అక్కడికి ఫోన్ వెళ్లింది. కానీ భయంలో చేసే పని చట్టానికి అడ్డం పడితే ప్రాణం నిలుస్తుందో లేదో గానీ వీసా మాత్రం నిలవదు.

అమెరికా ఫెడరల్ (కేంద్ర) చట్టంలో 922(జి)(5) అని ఒక సెక్షన్ ఉంది. తాత్కాలిక వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, ఎల్1, మీరు వెళ్లబోయే విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయి పదేళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో నిలబడినా అంతే. కార్డు చేతికొచ్చేదాకా హెచ్1బి హెచ్1బినే. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. మీవాడి ఆఫీసులో ఎవరైనా ‘ఇక్కడ లైసెన్సే అక్కర్లేదు’ అని చెబితే అది దీని గురించే. ఆ రాష్ట్ర చట్టం కూడా, ఫెడరల్ చట్టం నిషేధించినవాళ్లకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఈ నిషేధాన్ని మీరితే గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు ఉండేది. 2022లో దాన్ని 15 ఏళ్లు చేశారు.

‘దగ్గర పెట్టుకోవడం’ అంటే ఎంతదాకా వస్తుందో మనవాళ్లకు తెలియదు. శని, ఆదివారాల్లో నలుగురు కుర్రాళ్లు కలిసి షూటింగ్ రేంజికి వెళ్తారు. గంటకింత అని కట్టి, అక్కడి తుపాకీతో కాగితపు బొమ్మను కాల్చి, ఫోటో దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. ఆ కౌంటరు దగ్గర ఎవరూ వీసా అడగకపోవచ్చు. అయినా ఆ కాసేపు పట్టుకోవడమూ ‘దగ్గర పెట్టుకోవడం’ కిందికే వస్తుంది. రెహైఫ్ అనే యువకుడి కేసు చూడండి. విద్యార్థి వీసా ఎఫ్1 మీద యూఏఈ నుంచి ఫ్లోరిడాకు వచ్చాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, వీసా స్టేటస్ పోయింది. తర్వాత రేంజికి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. కేసైంది, 18 నెలల శిక్ష పడింది. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2తో అతని మాట విన్నది. తుపాకీ ఉందని తెలియడం చాలదు, తాను నిషేధం ఉన్న వర్గంలో ఉన్నానని కూడా నిందితుడికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలంది. దీన్ని పట్టుకుని ‘తెలియదంటే వదిలేస్తారు’ అని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. మూడేళ్లకోసారి వీసా స్టాంపింగ్‌కు తిరిగే హెచ్1బి ఇంజనీరు తన వీసా ఏమిటో నాకు తెలియదంటే ఏ జ్యూరీ వింటుంది?

ఒకే ఇంట్లో ఉండే ఇంకొకరి దగ్గర తుపాకీ ఉన్నా జాగ్రత్త పడాలి. మీవాడి చేతికి అందేచోట, హాల్లో సొరుగులోనో ఇద్దరూ వాడే కారు డ్యాష్‌బోర్డులోనో ఉంటే, అది అతని స్వాధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలడు. తాళం వేసిన పెట్టెలో ఉండి, ఆ తాళంచెవి తుపాకీ యజమాని ఒక్కడి దగ్గరే ఉండాలి. అసలు అలాంటి ఇంట్లో ఉండకపోవడమే మేలని నా సలహా.

ఇక ఆ గ్రీన్ కార్డు స్నేహితుడి సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. సాయం చేద్దామన్న మంచి మనసుతో అతను కొరివితో తల గోక్కుంటున్నాడు. దుకాణంలో తుపాకీ కొనేవాళ్లు ఫారం 4473 నింపాలి. అందులో ‘అసలు కొనుగోలుదారు మీరేనా?’ అని స్పష్టంగా అడుగుతారు. ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే అదే నేరం. వర్జీనియాలో అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు, పోలీసులకిచ్చే డిస్కౌంటు కోసం తన మామ తరఫున పిస్టల్ కొన్నాడు. ఆ మామకు తుపాకీ పెట్టుకునే హక్కు చట్టప్రకారం ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు 5-4తో శిక్షను ఖాయం చేసింది. హక్కున్న మనిషి కోసం కొంటేనే అలా ఉంటే, హక్కు లేని మీవాడి కోసం కొంటే ఏమవుతుందో ఆలోచించండి. 2022 చట్టం ఇలాంటి బినామీ కొనుగోలును ప్రత్యేక నేరం చేసి, 15 ఏళ్ల వరకు శిక్ష పెట్టింది. తుపాకీ నేరంలో దోషిగా తేలితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ని కూడా దేశంనుంచి పంపేయొచ్చని ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది. ఒక్క పిస్టల్ కోసం రెండు కుటుంబాలు సామాను సర్దుకోవలసి రావచ్చు.

వేట లైసెన్సు మాట నిజమే. నిషేధానికి చట్టంలోనే ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో అదొకటి. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు కూడా తుపాకీ కొనవచ్చు, పెట్టుకోవచ్చు. పైన చెప్పిన రేంజి సంగతికీ ఇదే వర్తిస్తుంది. ఇంత సులువైన దారి ఉండగా నేనెందుకు వద్దంటున్నానో చెబుతాను. టెక్సస్ వేట లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోవడం మర్చిపోతే, సెప్టెంబరు 1 ఉదయం నిద్ర లేచేసరికి బీరువాలో ఉన్న అదే తుపాకీ ఫెడరల్ నేరంగా మారుతుంది. మనవాళ్లు కారు రిజిస్ట్రేషనే మర్చిపోతుంటారు. రెండోది, 2024 నవంబరులో జార్జియాలో మన తెలంగాణ విద్యార్థి ఒకరు వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. చదువుకునే పిల్లలకు కూడా అక్కడ తుపాకీ లైసెన్సు దొరుకుతుందని తనకు తెలియదని ఆ తండ్రి అన్న మాట చదివి ఆ రోజు పని చేయలేకపోయాను. మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. మాల్‌కు నెలకు రెండుసార్లు వెళ్తారు, బీరువా మాత్రం పాప రోజూ తిరిగే గదిలోనే ఉంటుంది. ఇది చట్టం మాట కాదు, నా మాట.

చట్టం ఎందుకు మారదని అడిగారు. పూర్తిగా మారడం లేదన్నది నిజం కాదు, మారే చోట మారుతోంది. కానీ ఆయుధాలు ఉంచుకునే హక్కు గురించి చెప్పే వాళ్ల రాజ్యాంగం రెండో సవరణ 1791 నుంచి ఉంది. 2008లో హెల్లర్ కేసులో, ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ అనేది ప్రభుత్వం ఇస్తే తీసుకునే లైసెన్సు. అక్కడ అది వాక్ స్వాతంత్ర్యంలాగా అడగకుండానే ఉన్న హక్కు. పార్లమెంటులో చట్టం తెస్తే చాలని మనం ఇక్కడినుంచి అనుకున్నంత తేలిక కాదు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయాక దేశమంతా ఏడ్చింది. నాలుగు నెలలకు, కొనేవాళ్ల పూర్వాపరాలు మరింత విస్తృతంగా పరిశీలించాలన్న ప్రతిపాదన సెనేట్‌కు వస్తే 54 ఓట్లు వచ్చాయి, 46 ఎదురు పడ్డాయి. ఆ సభ నియమాల ప్రకారం కావలసింది 60. ఆ రోజుల్లోనే, చట్టం బిగిస్తారేమోనని జనం తుపాకుల దుకాణాలకు పోటెత్తారు. ఒక వీధిలో కొవ్వొత్తులు, ఇంకో వీధిలో దుకాణం ముందు క్యూ. పెద్ద కాల్పులు జరిగిన ప్రతిసారీ ఈ రెండూ కలిసే వస్తాయి.

2022 మే 24న టెక్సస్‌లోనే యువాల్డి బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కాల్చినవాడు 18 నిండగానే రైఫిళ్లు కొన్నాడు. పోలీసులు వందల్లో వచ్చి కూడా తరగతి గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. తుపాకులు తగ్గించాలనేవాళ్లకు ఇందులో కనిపించేది ఆ 18 ఏళ్ల వయసు. తుపాకీ కావాలనేవాళ్లకు కనిపించేది ఆ 77 నిమిషాలు: పోలీసులు రారు, మన ప్రాణం మనమే చూసుకోవాలి అంటారు. మీ అబ్బాయి వాదన కూడా అదే. దాన్ని మూర్ఖత్వమని కొట్టేయను. ఒకే శవాల గుట్ట ముందు నిలబడి ఇద్దరూ వేరు వేరు తప్పులు చూస్తున్నారు. అందుకే ఇది తెగదు.

అలెన్ తర్వాత జరిగింది చెబుతాను. యువాల్డి తల్లిదండ్రులు పిల్లల ఫోటోలు పట్టుకుని నెలల తరబడి ఆస్టిన్‌లో శాసనసభ చుట్టూ తిరిగారు. కొన్ని రకాల రైఫిళ్లు కొనే వయసు 18 నుంచి 21కి పెంచమన్నారు. అంతే అడిగారు. అలెన్ కాల్పులు జరిగిన రెండో రోజు, మే 8న, ఆ బిల్లు హౌస్ కమిటీలో 8-5తో గట్టెక్కింది. గదిలో తల్లులు ఏడ్చారు. కానీ గడువులోగా సభ క్యాలెండరులో, అంటే ఓటింగుకు వచ్చే బిల్లుల జాబితాలో, పెట్టలేదు. ఓటింగు దాకా రాకుండానే బిల్లు పోయింది. 2018లో పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోయినప్పుడు మాత్రం ఫ్లోరిడా మూడు వారాల్లోనే వయసు 21కి పెంచింది. సంతకం పెట్టిన గవర్నరు రిపబ్లికనే. యువాల్డి జరిగిన నెల రోజులకు, 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి బయట కూడా తుపాకీ పెట్టుకునే హక్కును బలపరిచింది. సరిగ్గా రెండు రోజులకు, 18 నుంచి 20 ఏళ్లవాళ్లు కొనేటప్పుడు తనిఖీ బిగించే చట్టం మీద బైడెన్ సంతకం పెట్టారు. నేను పైన చెప్పిన 15 ఏళ్ల శిక్ష ఆ చట్టంలోదే.

కోడలి విషయానికి వస్తే, ఆవిడ దారి మంచిదే, రెండు హద్దులు తెలిస్తే చాలు. శాంతియుతంగా ఊరేగింపులో నడవొచ్చు, అట్ట పట్టుకోవచ్చు, శాసనసభ్యుడికి ఉత్తరం రాయొచ్చు. దేశంలో ఉన్న విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే అంది. అయితే 2025లో పాలస్తీనా నిరసనల్లో పాల్గొన్న విదేశీ విద్యార్థుల వీసాలు ప్రభుత్వం రద్దు చేయడం చూశాం. రోడ్డు దిగ్బంధం, పోలీసులతో తోపులాట జరిగేచోట ఉండొద్దని చెప్పండి. కేసు నిలవకపోయినా అరెస్టు అయితే చాలు, స్టాంపింగ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. రెండో హద్దు డబ్బు. గ్రీన్ కార్డు లేని విదేశీయులు అమెరికా ఎన్నికల్లో, ఫెడరల్ అయినా రాష్ట్రమైనా ఊరి స్కూలు బోర్డయినా, అభ్యర్థికి ఒక్క డాలరు ఇవ్వకూడదు. ‘తుపాకులు అదుపు చేస్తాను, పాతిక డాలర్లు ఇవ్వండి’ అని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, నొక్కితే అయిపోతుంది. అది నేరం. జీతం లేకుండా ప్రచారానికి సాయం చేయొచ్చు. బాధితుల కుటుంబాలను ఆదుకునే ధార్మిక సంస్థకు ఇవ్వొచ్చు, దానికి ఎన్నికలతో సంబంధం లేదని చూసుకుని ఇవ్వమనండి.

మీవాడు ఇప్పటికే రేంజికి వెళ్లి ఉంటే, ఏదైనా ఫారం నింపి ఉంటే, ఆ సంగతి స్నేహితులతోనూ వాట్సాప్‌లోనూ మాట్లాడొద్దు. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్, క్రిమినల్ రెండూ తెలిసిన లాయర్ని కలవమనండి. ఫోటోలు చెరిపేయడం లాంటివి కూడా లాయర్ని అడగకుండా చేయొద్దు, అది ఇంకో నేరం కావచ్చు.

మీ ప్రయాణం గురించి చివరిగా ఒకటి. తిరిగొచ్చేటప్పుడు పిల్లలు ‘ఇది పట్టుకెళ్లు నాన్నా’ అని పాత బ్యాక్‌ప్యాక్ ఇస్తుంటారు. ఒకసారి ఒక తల్లి ఇక్కడి విమానాశ్రయంలో అలాంటి సంచితో నిలబడింది. స్కానరులో అడుగు అరలో ఒక తూటా కనిపించింది. కొడుకు ఎప్పుడో రేంజికి తీసుకెళ్లిన సంచి అది. మన ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెట్టారు. తెలియక ఉన్నది స్వాధీనం కిందికి రాదన్న సూత్రం మన కోర్టుల్లో ఉంది, ఇలాంటి కేసుల్ని హైకోర్టులు కొట్టేస్తూనే ఉన్నాయి. కానీ కొట్టేసేలోపు ఆ తల్లి రెండేళ్లు నా ఆఫీసు మెట్లెక్కింది. సంచి మీరే కొత్తది కొనుక్కోండి. తప్పదంటే జిప్పులన్నీ తీసి, తలకిందులుగా దులిపి, అప్పుడు సర్దుకోండి.