ఆక్సీమీటర్‌లో 90 చూపిస్తే ఆక్సిజన్ పెంచాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. నాన్నకు 67 ఏళ్లు. ఏళ్ల తరబడి బీడీలు తాగి ఇప్పుడు మానేశారు. సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. పోయిన నెల ఆయాసం ఎక్కువై తిరుపతిలో ఆసుపత్రిలో ఉండి వచ్చారు. డాక్టరు చెప్పినట్టే, గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం కాన్సన్‌ట్రేటర్‌తో నిమిషానికి 1 లీటరు ఆక్సిజన్ పెడుతున్నాం. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 90 దాటడం లేదు. 3 లీటర్లకు పెంచొచ్చా? దగ్గరుండి ఏమేం చూడాలి?

జవాబు: మీ అంతట మీరు పెంచకండమ్మా. 98 ఉండాలన్నది ఊపిరితిత్తులు బాగున్నవాళ్ల లెక్క. సీఓపీడీ ముదిరినవారికి సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. డిశ్చార్జి కాగితంలో వేరే అంకె రాసి ఉంటే దాన్నే పాటించండి. ఇలాంటివారికి ఆక్సిజన్ అతిగా పెడితే, గాలి సరిగా ఆడని భాగాలకూ రక్తం మళ్లుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటకు పోక ఒంట్లో పేరుకుంటుంది. ఆక్సీమీటర్‌కు అది కనిపించదు. తెర మీద 97 ఉంటుంది, మనిషేమో మత్తులోకి జారుతుంటాడు. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, చాచిన చేతులు వాలివాలి పడటం, పొంతన లేని మాటలు దాని గుర్తులు. 'ఇవాళ హాయిగా నిద్రపోతున్నారు' అని ఇంట్లో సంబరపడే రోజునే ఒకసారి తట్టి లేపి చూడాలి.

ఆక్సీమీటర్ పెట్టేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. అంకె నిలకడగా నిలిచాకే రాసుకోండి.

నిజానికి అంతకంటే ముందే సంగతి చెప్పేది శ్వాస లెక్క. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఆయనకు చెప్పకుండా, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టండి. చెబితే తెలియకుండానే శ్వాస తీరు మారిపోతుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క శ్వాస పొరపాటు నాలుగవుతుంది. మామూలుగా 12 నుంచి 20. మీ నాన్నగారికి కాస్త ఎక్కువే ఉండొచ్చు, అందుకే బాగున్న రోజు అంకె రాసిపెట్టుకోండి. విశ్రాంతిగా ఉన్నా 25 దాటుతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. కఫం ఎక్కువై పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరిగినా, రక్తం పడినా అంతే.

ఆయాసం వస్తే పడుకోబెట్టొద్దు. కూర్చుని ముందుకు వాలి, మోచేతులు బల్ల మీద ఆనించాలి. ముక్కుతో పీల్చి, వేడి కాఫీ ఊదినట్టు పెదాలు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. ఆయాసానికి రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను కుదిపి, దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్‌లోకి ఒక్క నొక్కు నొక్కి, ఐదుసార్లు నెమ్మదిగా పీల్చాలి. అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి రెండోది. రెండూ ఒకేసారి నొక్కితే మందు చాలావరకు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. కడిగిన స్పేసర్‌ను గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత పుక్కిలించి ఉమ్మాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది.

ఆక్సిజన్ నడిచే గదిలో దీపం, అగరబత్తి వద్దు. దేవుడి గూడు అక్కడే ఉంటే మంచం మార్చండి.

వాక్యం పూర్తిచేయలేక మాట మాటకూ ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపితే సరిగా పలకకపోయినా 108కు ఫోన్ చేయండి. పాత ఆసుపత్రే కావాలని కారులో తిరుపతికి బయల్దేరకండి. 70 కిలోమీటర్ల దారి. ముందు చిత్తూరులోనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అంబులెన్స్ ఎక్కగానే డిశ్చార్జి కాగితం చూపించి, 'సీఓపీడీ, ఆక్సిజన్ ఇంతలోపే ఉంచమన్నారు' అని ఆ అంకె నోటితో కూడా చెప్పండి.