మందు పేరు వెనకుండే రెండక్షరాలు

పాఠకుల ప్రశ్నలు – ఫార్మసీ నిపుణుల జవాబులు

ప్రశ్న: మా నాయనకు షుగరు. డాక్టరు మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ రాశారు. ఈసారి షాపులో ఎస్‌ఆర్ లేదని ఉత్త మెట్‌ఫార్మిన్ 500 ఇచ్చి, ‘రెండూ ఒకటేనమ్మా’ అన్నారు. నిజమేనా? ఎస్‌ఆర్ మాత్ర లావుగా ఉందని ఆయన నూరుకుని మింగేవారు కూడా. అంతకుముందు ఒకట్రెండు సార్లు మాత్ర మాత్రలాగే విరేచనంలో పడిపోయిందన్నారు. అది పనిచేసినట్టా, చేయనట్టా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మందు ఒకటే, మాత్రలు వేరు. ఎస్‌ఆర్ అంటే సస్టెయిన్డ్ రిలీజ్. మందును ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలే మాత్ర అన్నమాట. పీఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని రాసి ఉన్నా దాదాపు ఇదే పని. వీటిలో చాలావాటికి హెచ్‌పీఎంసీ అనే పదార్థం కలుపుతారు. కడుపులోకి వెళ్లాక అది నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, జిగటగా మారుతుంది. మందు ఆ జిగటలోంచి మెల్లగా బయటికి ఊరుతుంది. నూరితే ఆ ఏర్పాటంతా పోతుంది, రోజంతా అందాల్సిన మందు ఒకేసారి దిగుతుంది. మెట్‌ఫార్మిన్‌తో అయితే వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. అదే బీపీ మాత్రను నూరితే రక్తపోటు ఉన్నట్టుండి పడిపోవచ్చు. కాబట్టి ఎస్‌ఆర్ మాత్రను నూరకూడదు, నమలకూడదు. సగానికి విరవదగ్గ ఎస్‌ఆర్ మాత్రలు కొన్ని ఉన్నాయి గానీ, ఫార్మసిస్టు సరేనన్నాకే విరవాలి.

విరేచనంలో కనిపించింది మందు వెళ్లిపోగా మిగిలిన మెత్తటి ఉబ్బిన పొట్టు. దానికి భయపడక్కర్లేదు. షుగరు అదుపులో ఉందో లేదో రక్తపరీక్షతోనే తేల్చుకోవాలి.

షాపులో అలా మార్చి ఇవ్వడం మాత్రం తప్పే. ఉత్త మెట్‌ఫార్మిన్‌ను సాధారణంగా రోజుకు రెండు మూడు సార్లు భోజనంతో వేస్తారు. ఎస్‌ఆర్‌ను ఎక్కువగా రాత్రి భోజనంతో ఒక్కసారే రాస్తారు. అక్షరాలు మారితే వేసుకునే తీరూ మారాలి, ఆ మాట డాక్టరు చెప్పాలి.

ఇలాంటివే ఇంకో రెండు గుర్తుపెట్టుకోండి. పాంటప్రజోల్ అట్ట మీద గ్యాస్ట్రో రెసిస్టెంట్ అని ఉంటుంది, పొట్టిగా జీఆర్. మందు కడుపులోని ఆమ్లానికి పాడవకుండా, పేగుల్లోకి వెళ్లాకే కరిగే పూత దానికి వేస్తారు. నూరితే పూతా పోతుంది, మందూ పోతుంది. డీటీ దీనికి పూర్తిగా తిరుగు. అది నీళ్లలో కరిగించి ఇవ్వడానికే చేసిన డిస్పర్సిబుల్ మాత్ర. పిల్లల విరేచనాలకు ఇచ్చే జింకు మాత్ర ఈ రకమే. చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో వేస్తే విచ్చుకుంటుంది.

ప్రశ్న: బాబు పది కిలోలు ఉంటాడు. జ్వరానికి పారాసిటమాల్ డ్రాప్స్ 1.2 మి.లీ. పట్టేవాళ్లం. అవి అయిపోయి సిరప్ తెచ్చి, అదే కొలత పడితే జ్వరం దిగలేదు. సిరప్ నకిలీదా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: నకిలీ అనుకోనక్కర్లేదమ్మా, బలం వేరు. మామూలుగా దొరికే డ్రాప్స్‌లో 1 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్ ఒక రకంలో 5 మి.లీ.కి 125, ఇంకో రకంలో 5 మి.లీ.కి 250. అంటే 125 సిరప్ మి.లీ.కి ఉండేది 25 మి.గ్రా. మాత్రమే. మీరు తెచ్చింది అదే అయితే, పట్టిన 1.2 మి.లీ.లో బాబుకు అందింది 30 మి.గ్రా. పిల్లలకు ఒక మోతాదు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. లెక్క, కాబట్టి వాడికి 100 నుంచి 150 కావాలి. 125 సిరప్ అయితే 5 మి.లీ., 250 అయితే 2.5 మి.లీ.

దీనికి తిరగబడ్డ పొరపాటు ప్రమాదకరం. సిరప్ కొలత అలవాటై డ్రాప్స్‌ను 5 మి.లీ. పడితే ఒకేసారి 500 మి.గ్రా. లోపలికి పోతుంది. అలా రెండు మూడు మోతాదులు పడితే లివర్ దెబ్బతినవచ్చు. పొరపాటున పట్టేశామని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, సీసా చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మోతాదుకు మోతాదుకు కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగు సార్లు దాటకూడదు. చీటీలో మి.లీ. ఒక్కటే రాసి ఉంటే సరిపోదు, ఏ బలం సిరప్పో కూడా రాయించుకోండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సీసాతో వచ్చే మూత గానీ సూది లేని సిరంజి గానీ వాడండి.

ప్రశ్న: బీఫార్మసీ చివరి ఏడాది. మాత్రల కంపెనీ ఇంటర్వ్యూలో క్యూఏ, క్యూసీ తేడా, ఫ్రయబిలిటీ, క్యాపింగ్ అడుగుతారంటున్నారు. పుస్తకం మాటలు కాకుండా చెప్పండి.
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) వాళ్లు శాంపిల్ తీసి ల్యాబులో పరీక్షించి ఫలితం ఇస్తారు. బ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా రాసుకున్న పద్ధతిలోనే తయారైందా అని రికార్డులన్నీ చూసి బయటికి వదిలేది క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్). ల్యాబులో పాసైన బ్యాచ్‌ను కూడా క్యూఏ ఆపగలదు. ఎందుకో లైన్ క్లియరెన్స్‌తో చెప్పండి. కొత్త మందు ప్యాకింగ్ మొదలుపెట్టే ముందు పాత మందు తాలూకు మాత్రలు, ఫాయిల్, లేబుళ్లు, కార్టన్లు ఏవీ లైను మీద లేవని చూసి సంతకం పెట్టాలి. ఫీడరు మూలన ఒక్క పాత మాత్ర ఇరుక్కున్నా అది ఏదో ఒక అట్టలోకి చేరుతుంది. ల్యాబుకు వెళ్లిన శాంపిల్లో అది పడే అవకాశం లేనట్టే. అక్కడ కాపాడేది ఆ తనిఖీ ఒక్కటే.

ఫ్రయబిలిటీ అంటే రాపిడికి మాత్ర ఎంత అరిగిపోతుందో చూసే పరీక్ష. దీనికి, మాత్ర బరువు 650 మి.గ్రా. లోపుంటే మొత్తం 6.5 గ్రాములకు దగ్గరగా వచ్చేన్ని మాత్రలు, అంతకు మించితే 10 మాత్రలు తీసుకోవాలి. దుమ్ము దులిపి తూచి, డ్రమ్ములో నిమిషానికి 25 చుట్ల చొప్పున 100 చుట్లు తిప్పి, మళ్లీ దులిపి తూచాలి. తరుగు ఒక శాతం దాటకూడదు. 6.500 గ్రాములు 6.461 అయితే తరుగు 0.6 శాతం, పాస్. కానీ పగిలిన మాత్ర ఒక్కటి కనబడినా తూకంతో పని లేదు, ఫెయిలే.

క్యాపింగ్ అంటే మాత్ర పైభాగం మూతలా ఊడిరావడం. మాత్రగా నొక్కే గుళికలు, అంటే గ్రాన్యూల్స్, మరీ ఎండిపోవడం, వాటిలో మెత్తటి పొడి ఎక్కువవడం, గాలి బయటికి పోకముందే వేగంగా నొక్కేయడం, మాత్రను నొక్కే అచ్చులు, అంటే పంచ్‌లు, డైలు అరగడం దీనికి కారణాలు. ‘ప్రెషర్ పెంచుతాను’ అని జవాబివ్వకండి, చాలాసార్లు దానివల్లే క్యాపింగ్ ఇంకా పెరుగుతుంది. ముందు గ్రాన్యూల్స్ తేమ చూస్తాను, మెషీన్ వేగం తగ్గిస్తాను, ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుడుకు ముందు మెల్లగా నొక్కడం) సరిచేస్తాను, తర్వాత టూలింగ్ (పంచ్‌లు, డైలు) పరీక్షిస్తాను అని వరుసగా చెప్పండి.

ప్రశ్న: ఎక్స్‌పైరీ 05/2026 అంటే మే ఒకటో తేదీతో సరా? ఎండాకాలంలో మా రేకుల ఇంట్లో మందులు పాడవుతాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నెల ఒక్కటే ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా, అంటే మే 31 వరకు వాడవచ్చు. కానీ ఆ తేదీ లేబుల్ మీద చెప్పినట్టు దాచినప్పుడే చెల్లుతుంది. ‘30 డిగ్రీల లోపు’ అని ఉన్న మందును 40 దాటే కర్నూలు ఎండల్లో రేకుల కింద, బండి డిక్కీలో నెలల తరబడి ఉంచితే తేదీని నమ్మలేం. రెండు రోజుల వేడికి మామూలు మాత్రలకు ఏమీ కాదు. కంపెనీలు 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పరీక్షిస్తాయి. జెలటిన్ క్యాప్సూళ్లు, ఇన్సులిన్ అంతకంటే సున్నితం. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చాలా రకాల్లో 28 రోజులే, తెరిచిన తేదీని సీసా మీదే పెన్నుతో రాసుకోండి.